భవి చేతి నీళ్లు

ఈస్టర్ ముందటి శ్రమల దినాల్లో మాంసం మానేయడం మా క్రైస్తవులకు నలభై రోజుల కష్టం. శరణును చేసుకుని నారాయణఖేడ్‌లో లింగాయతుల ఇంటికి కాపురానికి వచ్చాక నాకు ఏడాది పొడుగునా శ్రమల దినాలే. కోడిగుడ్డు అన్న మాట కూడా ఆ ఇంట్లో గట్టిగా అనకూడదు. అందుకే మా మామ సిద్రామప్ప మెడలోని లింగకాయ ఎంత ఉంటుందని మా అమ్మ అడిగినప్పుడు, నాకు తోచిన పోలికను ఫోన్లో గుసగుసగా చెప్పాల్సి వచ్చింది.

లింగకాయ అంటే చిన్న వెండి డబ్బీ. లోపల ఇష్టలింగం ఉంటుంది. దారం కట్టి మెడలో వేసుకుంటారు. పొద్దున, సాయంత్రం స్నానం అయ్యాక మామ లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని పూజ చేస్తాడు. ఏది తిన్నా, తాగినా ముందు లింగానికి చూపించాకే నోట్లో పెట్టుకుంటాడు. లింగం లేనివాళ్లను వాళ్లు భవి అంటారు. నేను భవిని. భవి చేతి నీళ్లు మామ ముట్టడు.

ఈ నియమం మా ఇంట్లో నడిచే పద్ధతి ఒకటుంది. బిందెలోంచి చెంబు ముంచేది నేనే. వంటింటి గడప దగ్గర మా అత్త కల్లమ్మ దాన్ని నా చేతిలోంచి అందుకుని, వసారాలో కూర్చున్న మామకు ఇస్తుంది. పెళ్లయిన కొత్తలో నేను ఉండబట్టలేక అడిగాను.

"అత్తమ్మా, నా చేతిల ఉన్నప్పుడు పనికిరాని నీళ్లు నీ చేతికి రాంగనే పనికొస్తయి. ఈ గడప కాడ ఏం జరుగుతది?"

"సుమ్మనిరు" అని కన్నడంలో కసిరింది అత్త. ఊరుకో అని. కసురుతూనే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నా నోరు అట్లాంటిది. ప్రశ్న పుట్టిందంటే లోపల ఆగదు. మామ గురక పెడుతుంటే గుండె మీది లింగానికి నిద్ర పడుతుందా అని అడిగాను. పక్కింటి వాళ్లు కోడికూర వండినప్పుడు ఆ వాసన పీల్చడం తినడం కిందికి వస్తుందా రాదా అని అడిగాను. ఆయన వేసుకునే గోళీ పై తొడుగు ఏ జంతువు ఎముకలతో చేస్తారో చెప్పబోతే శరణు నా నోరు మూసేశాడు. మామ ఎప్పుడూ జవాబు చెప్పేవాడు కాదు. ఒక్కసారి మాత్రం అన్నాడు, "నీ మీద కోపం కాదు బిడ్డా. నేమం."

నేమం అంటే నాకు నొప్పి తగ్గుతుందని ఆయన అనుకున్నాడు కాబోలు. తగ్గలేదు. కోపమైతే ఒకనాటికి చల్లారుతుందని ఎదురుచూసేదాన్ని.

రెండు వేల పదకొండులో ఈస్టర్ ఏప్రిల్ చివర్లో వచ్చింది. ఎండలు అప్పటికే మండిపోతున్నాయి. గుడ్‌ఫ్రైడే ముందటి రోజు, గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా నాయిన ప్రేమదాసు ఖేడ్‌కు వచ్చాడు. సిర్గాపూర్ దగ్గర మా ఊరి చర్చిలో ఆయన ఒక పెద్ద. ఈస్టర్ ఆరాధన అయ్యాక ఊరందరికీ పెట్టే భోజనానికి కందిపప్పు కొనాలి. ఎప్పుడూ సిర్గాపూర్‌లోనే కొనేవాడు. ఆ ఏడు వియ్యంకుడి కిరాణం దుకాణానికి వచ్చాడు. ఆయనను చూడటానికి నేనూ దుకాణానికి పోయాను.

"ఒక బస్తా మంచిది ఇయ్యి సేటు. అందరు తినేది" అన్నాడు నాయిన. పెళ్లయి రెండేళ్లయినా బావా అని పిలవడానికి ఆయనకు నోరు రాలేదు. పిలిపించుకోవడానికి మామ కూడా ముందుకు రాలేదు.

మామ కట్టి పెట్టిన బస్తా ఒకటి విప్పి, గుప్పెడు పప్పు తీసి వెలుతురులో చూసి పక్కకు నెట్టాడు. "ఇది వద్దు. పురుగు తగిలింది."

"నేను చూస్త తియ్యి నాయినా" అని శరణు లేచాడు.

"నువ్వు ఆగు. వియ్యంకుడు తీస్కపోయే పప్పు. పండుగ పూట పదిమందిల రాయి తగిలిందంటే నా పేరు పోతది."

చొక్కా చేతులు మడిచి, కొత్త బస్తాలో సగం దాకా వంగి, దోసిళ్లతో పప్పు పైకి తీసి, రాయీ మట్టిబెడ్డా ఏరి ఇంకో సంచిలో పోశాడు. సగం అయ్యేసరికి వీపంతా తడిసి చొక్కా అతుక్కుపోయింది. సంచి అడుగుకు చెయ్యి పెట్టి మరీ కలియబెట్టాడు. అరవై దాటిన మనిషి మా చర్చి పప్పు కోసం అంత కష్టపడుతుంటే నాకు సంతోషమే అనిపించింది.

"ఏం జేస్తరు? సాంబారా?" అని అడిగాడు నడుము నిలబెట్టుకుంటూ.

నాయిన నా మొహం చూశాడు. "దాల్చా, మామా" అన్నాను నేను.

"దాల్చా అంటే పప్పే గదా."

"పప్పే. అందుల జర..."

"ఇగ చెప్పకు. నేను అమ్మింది పప్పు. గంతే."

దాల్చాలో పప్పుతో పాటు పడేది మాంసమని తెలిసిన నాయిన మొహం పక్కకు తిప్పుకుని నవ్వాపుకున్నాడు. మామ తానే దబ్బనంతో సంచి మూతి కుట్టాడు. సిర్గాపూర్ పోయే ఆటో మీద బస్తా ఎక్కింది.

ఆ సాయంత్రం స్నానాల గది నుంచి మామ పిలిచిన పిలుపు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "కల్లమ్మా!" అన్నాడంతే. అత్త చేతిలోని గిన్నె పడేసి ఉరికింది. "ఏనాయ్తు? ఏమైంది?" అంటూ వెనకే నేనూ. మామ తడి పంచెతో నిలబడి ఉన్నాడు. మెడలో లింగం లేదు. తెగిన దారం ముక్క ఒకటి చొక్కా లోపల దొరికింది.

ఇల్లంతా వెతికాం. శరణు దుకాణానికి పోయి ఉన్న బస్తాలన్నీ కుమ్మరించాడు. దుకాణం నుంచి ఇంటిదాకా రోడ్డు మీద టార్చి వేసి చూశాడు. లింగం పోయిందంటే మామ లాంటి వాళ్లకు అది వస్తువు పోవడం కాదు. మళ్లీ గురువు లింగం కట్టేదాకా వాళ్లు అన్నం ముట్టరు, నీళ్లు ముట్టరు. బీదర్ దిక్కు మఠానికి ఫోన్ చేస్తే స్వామి శ్రీశైలం పోయాడనీ, సోమవారం గానీ రాడనీ చెప్పారు. వేరే అయ్యను పిలుద్దామని అత్త అంది. "నాకు లింగం ఇచ్చింది ఆ మఠం. ఇంకెవరూ కట్టొద్దు" అన్నాడు మామ. వసారాలో చాప పరిపించుకుని పడుకున్నాడు.

నాకు బస్తా గుర్తుకొచ్చింది. "మామా, మా నాయిన పప్పు సంచిలకు వంగినవ్ గదా. అండ్ల పడ్డదేమో. అమ్మకు ఫోన్ జేస్త."

"నాకు ఎరుకనే" అన్నాడు.

అందరం ఆయన వైపు తిరిగాం.

"ఫోన్ జెయ్యకు. ఏడనో పోయిందనుకుంటే స్వామి వచ్చి కొత్తది కడ్తడు. ఆడ దొరికిందని తెలిస్తే నేనేం జెయ్యాలె? మాంసం వండే జాగల పడ్డదాన్ని మల్ల గుండె మీద ఎట్ల కట్టుకుంట? పారెయ్యనీకె రాదు, పెట్టుకోనీకె రాదు."

నాకు ఒళ్లు మండింది. "అంటే మా గుడిల దొరికితే మీ దేవుడు దేవుడు గాకుండ పోతడా మామా?"

అత్త నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. అక్కడ నేను ఏడవలేదు. పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. ఆ మనిషి మా పండుగకు రాళ్లు ఏరి పప్పు ఇచ్చాడు. ఆ మనిషే మా గుడిలో తన దేవుడు కనిపిస్తే చూడలేనంటున్నాడు. రెండూ ఆయనే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

మర్నాడు గుడ్‌ఫ్రైడే. మా వాళ్లకు ఉపవాసం. చర్చికి పోవాలని ఉన్నా అత్తను వదిలి పోలేక ఇంట్లోనే బైబిలు పట్టుకుని కూర్చున్నాను. మొగుడు తినకుండా తాను తినదు కాబట్టి అత్తకూ ఉపవాసమే. "ఏం ఇల్లు ఇది! ఒకలు దేవుడు చచ్చిండని తింటలేరు, ఒకలు దేవుడు పోయిండని తింటలేరు" అని శరణు గొణిగాడు. ఇంకో రోజైతే నవ్వేవాళ్లం.

మామకు షుగర్ ఉంది. గోళీ వేసుకోవాలన్నా నీళ్లు కావాలి, నీళ్లు ముట్టడు. సాయంత్రానికి ఆయన మాట ముద్దగా వస్తోంది. శరణు దవాఖాన నుంచి డాక్టరును తీసుకొచ్చాడు. డాక్టరు చర్మం చిటికెతో పట్టి చూసి, సెలైన్ ఎక్కించాలన్నాడు.

"సార్, సెలైన్ తినుడు కిందికొస్తదా, తాగుడు కిందికొస్తదా?" అని అడిగాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "రెండూ కాదమ్మా. నరంలకు పోతది."

"ఇన్నవా మామా? నోట్లకు పోదు. నోరు దాటకుంటే తిన్నట్టు కాదు గదా?"

మామ కళ్లు తెరవలేదు. "ఎటుకెళ్లి పోయినా లోపటికే పోతది. చూపెట్టెతందుకు లింగం లేదు. వద్దు" అన్నాడు. సూది దగ్గరికి తెస్తే చెయ్యి లాక్కున్నాడు.

"రేపటికి గిట్లనే ఉంటే సంగారెడ్డి తీస్కపోండ్రి. కిడ్నీలు దెబ్బతింటయి. నేను చెప్పేది చెప్పిన" అని డాక్టరు వెళ్లిపోయాడు.

శరణు తట్టుకోలేకపోయాడు. "నీకు మేమెక్కువనా, నీ లింగం ఎక్కువనా నాయినా? సస్తవా ఏంది?" అని అరిచాడు. చుట్టుపక్కల వాళ్లు బయటికి వచ్చి చూశారు. మామ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అరిచినవాడే తరువాత తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు పిసికాడు. నా ఉపవాసం ముగిసే వేళ ఎప్పుడో దాటిపోయింది. అత్త ఎదురుగా కూర్చుని ముద్ద మింగడం నా వల్ల కాలేదు.

శనివారం మధ్యాహ్నానికి భయం మొదలైంది. కరెంటు పోయింది. మామ పెదవులు పగిలి తెల్లగా అయ్యాయి. శరణును పట్టుకుని, ఎప్పుడో చనిపోయిన తన అన్న పేరుతో పిలిచాడు. శరణు జీపు మాట్లాడటానికి లేచాడు. "నన్ను తోల్కపోతే తొవ్వలనే దుంకుత" అన్నాడు మామ. లేవలేని మనిషి దూకేదేముంది, కానీ ఆ మాట అన్నాక ఎవరమూ ఆయనను ముట్టుకోలేకపోయాం.

నేను చెంబు ముంచి గడప దగ్గరికి తెచ్చాను. అత్త అందుకుని ఆయన తల దగ్గర కూర్చుంది. "ఒక్క గుటక. నా మీద ఒట్టు" అని బతిమాలింది.

"దూరం జరుగు కల్లమ్మా" అన్నాడు. "నువ్వు లింగం ఉన్నదానివి. నేను లేనోన్ని, నీ చెంబు ముట్టరాదు. నీ చేతి నీళ్లు నాకెట్ల పనికొస్తయి?"

అత్త చెంబు కింద పెట్టి మోకాళ్లలో తల పెట్టుకుంది. ఆయన అన్న మాట నా చెవిలో ఇంకోలా మోగింది. ఆ మాట రెండేళ్లుగా నేను పడుతున్నదే.

"మామా, ఒకటి అడుగుత" అన్నాను.

"ఇప్పుడు నీ అడుగుడు వద్దు కోమలా" అన్నాడు శరణు.

మామ కళ్లు తెరిచాడు. "అడగనీ."

"లింగం లేనోళ్లను మీరేమంటరు?"

"కోమలా!" అని అత్త తలెత్తింది. శరణు నా భుజం పట్టుకున్నాడు.

మామ నా వైపు తల తిప్పాడు. "భవి అంటరు" అన్నాడు.

"నేను ఎగతాళికి అడుగుతలేను మామా. నీ కాళ్లు మొక్కుత. భవి చేతి నీళ్లు భవి తాగితే ఏ నేమం తప్పుతది?"

ఆయనను భవి అనేశాను. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. లే, మీ అమ్మగారింటికి నడువు అంటాడేమోనని నేను సిద్ధంగానే ఉన్నాను. అనలేదు. మోచేతి మీద లేవబోయి లేవలేకపోతే శరణు వెనక కూర్చుని ఎత్తి పట్టుకున్నాడు. మామ రెండు చేతులూ దగ్గరికి చేర్చి దోసిలి పట్టాడు. మెడ వంచాడు.

నేను చెంబు ఎత్తాను గానీ పోయలేకపోయాను. మా తాత ఖేడ్ బజారుకు వచ్చినప్పుడు ఇట్లాంటి ఇళ్ల ముందరనే వంగి దోసిలి పట్టేవాడని, పైనుంచి పోస్తే తాగేవాడని మా నాయిన చెప్పేవాడు. భవి అయినవాడు నీళ్లు తాగే పద్ధతి అదేనని మామకు తెలుసు. ఆయన చిన్నప్పుడు ఈ వసారాలో నిలబడి ఎంతమందికి అట్లా పోశాడో.

"దోసిలి వద్దు మామా. చెంబు పట్టుకో" అన్నాను.

ఆయన చేతులు విడదీసి చెంబు పట్టుకున్నాడు. ఆయన వేళ్లు నా వేళ్లకు తగిలాయి, కాలిపోతున్నాయి. తాగాడు. సగం నీళ్లు మీసాల మీదుగా గుండె మీదికి కారాయి. ఖాళీ చెంబు నాకే ఇచ్చి "ఇంకిన్ని" అన్నాడు. అత్త గోడకు తల ఆనించి నిశ్శబ్దంగా ఏడుస్తోంది. నేను మళ్లీ ముంచుకొచ్చాను. తరువాత ఉప్పు వేసి పలచని మజ్జిగ ఇచ్చాను. గోళీ మింగించాను.

సాయంత్రం కొంచెం తేరుకున్నాక, "మీ అమ్మకు ఫోన్ జెయ్యి" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు.

మా అమ్మ గ్రేసమ్మ ఫోన్ ఎత్తేసరికి వెనక చాటల చప్పుడు వినిపిస్తోంది. చర్చి ఆవరణలో ఆడవాళ్లంతా కూర్చుని పప్పు చెరుగుతున్నారట. సంగతి చెప్పాను. "అయ్యో దేవా! సగం బస్తనే అయింది. ఉండు" అని ఫోన్ పక్కన పెట్టేసింది. ఆడవాళ్ల గొంతులు, పప్పు కుమ్మరించిన చప్పుడు విన్నాను. మామ చాప మీదనుంచి నా మొహం చూస్తున్నాడు. ఒక్కసారిగా అక్కడ గోల లేచింది.

"దొరికింది బిడ్డా! అడుగున ఉన్నది. మూత ఊడలే" అంది అమ్మ. "ఇగ దీన్ని ఏడ పెట్టాలె? మన ఇంట్ల రేపటికి మాంసం తెచ్చి పెట్టిన్రు. ఆడ పెట్ట. కడిగి తెల్లగుడ్డల చుట్టి గుడిల ప్రభువు బల్ల మీద పెడుత."

"రొట్టె, రసం పెట్టే బల్ల మీదనా? పాస్టరయ్య ఏమంటడే?"

"ఆయన సంగతి నేను జూస్కుంట. అంతకన్న శుద్ధమైన జాగ నాకు తెల్వదు."

ఫోన్ పెట్టేసి మామకు ఉన్నదున్నట్టు చెప్పాను. దాచాలని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. ఆయన అంతా విని కళ్లు మూసుకున్నాడు. "రేపు తెండ్రి" అన్నాడు. తెచ్చాక కట్టుకుంటానని మాత్రం అనలేదు.

ఈస్టర్ పొద్దున నేను, శరణు బండి మీద పోయాం. ప్రభువు బల్ల మీద రొట్టె, ద్రాక్షరసం గిన్నె, వాటి పక్కన తెల్లగుడ్డ మూట. పాస్టరయ్య ప్రభువు తిరిగి లేచిన ఖాళీ సమాధి గురించి చెబుతుంటే నా చూపంతా ఆ మూట మీదే ఉంది. ఆరాధన అయ్యాక బంతి భోజనాలు. దాల్చా వాసనకు నా కడుపులో పేగులు అరిచాయి. అయినా ఉత్త అన్నంలో చారు పోసుకుని తిన్నాను. శరణు మాత్రం తన లింగకాయను చొక్కా లోపలే వీపు వైపుకు తిప్పుకుని, దాల్చా రెండుసార్లు వేయించుకున్నాడు.

"ముందర ఉంటే చూస్తది, ఎనకకు తిప్పితే చూడదా?" అన్నాను.

"నీ ప్రశ్నలు నాయినకు దాచిపెట్టుకో. నువ్వెందుకు తింటలేవ్?"

"మూట నేను పట్టుకోవాలె గదా."

"తినొద్దని ఎవరు చెప్పిన్రు నీకు?"

ఎవరూ చెప్పలేదు. మామ మొహం గుర్తుకొచ్చి తినబుద్ధి కాలేదు, అంతే. బండి మీద ఇంటిదాకా మూటను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. ఇంటికి వచ్చాక అత్త దాన్ని దేవుని గూట్లో పెట్టింది. మామ అటు చూశాడు గానీ ముట్టుకోలేదు. ఆ రోజు కూడా నా చేతి నీళ్లూ మజ్జిగా తప్ప ఏమీ తీసుకోలేదు. అన్నం పెడతానంటే లింగం లేకుండా మెతుకు ముట్టనన్నాడు.

సోమవారం పొద్దున స్వామి వచ్చాడు. బక్కపలచని ముసలాయన, నుదుటి నిండా విభూతి. పీట మీద కూర్చోగానే అడిగాడు.

"సిద్రామప్పా, ఎల్లి సిక్కితు? ఏడ దొరికింది?"

"దుకాణంల..." అని శరణు మొదలుపెట్టాడు. దారిలో అతను అల్లుకున్న అబద్ధం అది.

"దుకాణంల కాదు" అన్నాడు మామ. "నేను మా వియ్యంకునికి పప్పు ఎంచి ఇచ్చినప్పుడు సంచిల పడ్డది. వాళ్ల గుడిల దొరికింది. వాళ్ల దేవుని బల్ల మీద రాత్రంత ఉన్నది."

"బల్ల అంటే?" అని స్వామి నా వైపు చూశాడు.

దాచకుండా చెప్పాను. "మా దేవుని శరీరం, రక్తం అని రొట్టె, ద్రాక్షరసం పెడతరు స్వామీ..."

"రక్తమా! అయ్యో శివనే" అని అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ద్రాక్షరసం అంటుంది గదా తల్లీ, ఆగు" అన్నాడు స్వామి. మళ్లీ మామ వైపు తిరిగాడు. "ఇన్ని దినాలు నీళ్లు లేకుండ గీ ఎండకు ఎట్ల బతికినవ్?"

"నీళ్లు తాగిన స్వామీ. మొన్న మధ్యాహ్నం నుంచి తాగుతున్న."

"ఎవరి చేతులకెళ్లి?"

అత్త తల దించుకుంది. మామ ఆగలేదు. "మా కోడలు చేతులకెళ్లి. భవి చేతి నీళ్లే తాగిన. తప్పయితే దండుగ వెయ్యండ్రి. ఆ లింగం పనికిరాదంటే అదన్న చెప్పండ్రి."

స్వామి మూట విప్పి, లింగాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు తిప్పి చూశాడు. ఎక్కడా పగలలేదు. "నువ్వు తాగకుంటే ఈ పొద్దు నేను దీన్ని శవానికి కట్టెటోన్ని" అన్నాడు. "స్నానం జేసి రా పో."

లింగానికి అభిషేకం చేసి, కొత్త దారంతో మామ మెడలో కట్టాడు. చెవిలో మంత్రం చెప్పాడు. మామ కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. "ఇగ నేమం తప్పకు" అన్నాడు స్వామి లేస్తూ. ఆ మాట అందరికీ వినిపించింది.

మామకూ స్వామికీ వసారాలో విస్తళ్లు వేశారు. అత్త జొన్నరొట్టె, పుంటికూర వడ్డించింది. నేను అలవాటుగా చెంబు ముంచి గడప దాకా వచ్చి ఆగిపోయాను. అప్పుడు తట్టింది నాకు. నువ్వూ భవివే అని చెప్పి ఆయనతో నీళ్లు తాగించాను. ఇప్పుడు గుండె మీద లింగం ఉంది, ఆయన భవి కాదు. నేనన్న మాట ప్రకారమే నా చేతి నీళ్లు మళ్లీ పనికిరావు. ఇందులో ఆయనను తప్పు పట్టడానికి నాకేమీ మిగల్లేదు. మనిషి బతికాడు, చాలు అనుకున్నాను. చాలు అనిపించలేదు. అత్త ఎప్పటిలా చెయ్యి చాపింది. చెంబు ఆమెకు ఇవ్వబోయాను.

"కల్లమ్మా, నువ్వు కూసో" అన్నాడు మామ.

అత్త చెయ్యి గాలిలోనే ఆగింది.

"ఎప్పుడు నువ్వే అడుగుతవ్ కోమలా. ఇయ్యాల నేనొకటి అడుగుత. మొన్న నువ్విచ్చిన నీళ్లు ఇప్పుడు యాడున్నయి?"

నాకు అర్థం కాలేదు. "నీ ఒంట్లనే ఉంటయి మామా."

"ఆ ఒంటి మీదనే ఇప్పుడు లింగం కట్టిన్రు. అది ఏమన్న అన్నదా?"

స్వామి రొట్టె తుంచుతున్న చెయ్యి ఆపాడు. మామ ఆయన వైపు చూడలేదు, నన్నే చూస్తున్నాడు.

"ఏమనలే మామా" అన్నాను.

"మరి నీళ్లు తే."

గడప దాటి వసారాలోకి నడిచాను. మామ చెంబు అందుకుని, కళ్లు మూసుకుని ఒక్క క్షణం గుండెకు దగ్గరగా పట్టుకున్నాడు. లింగానికి చూపించాడు. తరువాత తాగాడు. స్వామి అత్తను పుంటికూర ఇంకొంచెం వేయమన్నాడు.

ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వచ్చి, మళ్లీ ముంచడానికని బిందె పక్కన కూర్చుని కడుపారా ఏడ్చాను. రెండేళ్లలో ఆ ఇంట్లో నేను ఏడవడం అదే మొదలు. బయట అత్త, ఇగ తనకు చేసే పనేం మిగిలిందని స్వామికి ఫిర్యాదు చేస్తోంది.